పారిటీ చెక్ ఒక్క బిగిన చేయాలా, విడతలవారీగానా: ఏది మేలు?

"మామూలు రోజుల్లో 4కె సినిమా చక్కగా నడుస్తుంది. పారిటీ చెక్ మొదలైందంటే చాలు, ఆగి ఆగి వస్తుంది. ఏం చేయమంటారు?" మీడియా సర్వర్ (సినిమాలు దాచి టీవీకి పంపే ఇంటి కంప్యూటర్) పెట్టుకున్నవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. డిస్కు పోతే డేటాను తిరిగి రాబట్టడానికి దాచుకునే అదనపు సమాచారమే పారిటీ; అది డేటాతో సరిపోతోందో లేదో డిస్కులన్నీ మొత్తం చదివి చూసే పరీక్షే పారిటీ చెక్. ఈమధ్యే నా సర్వర్‌లో పద్ధతి మార్చాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

చాలామంది ముందు వైఫైని అనుమానిస్తారు, తర్వాత ట్రాన్స్‌కోడింగ్‌ని (సినిమాను వేరే ఫార్మాట్‌లోకి మార్చి పంపడాన్ని). చెక్ నడిచేటప్పుడే ఆగుతోందంటే మాత్రం చూడాల్సింది డిస్కు మీది డేటాను చదివే హెడ్‌ని. 80 మెగాబిట్ల సినిమాకు సెకనుకు 10 మెగాబైట్లు చాలు. డిస్కు వరసగా చదివితే 200 దాకా ఇస్తుంది. కానీ చెక్ ఒకచోట చదువుతుంటే సినిమా ఇంకోచోట ఉంటుంది. హెడ్ అక్కడికీ ఇక్కడికీ తిరగాలి. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక్క చుట్టు తిరగడానికే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్ జరిగే సమయం కూడా కలుపుకుంటే సెకనుకు ఇలాంటి రాకపోకలు వందకు మించవు. సినిమా కంటే ముందు మెనూలోని పోస్టర్లు నెమ్మదిస్తాయి, ఎందుకంటే సినిమాల వివరాలుండే లైబ్రరీ డేటాబేస్ నుంచి చదివేవన్నీ చిన్న చిన్న ముక్కలే. ఆ డేటాబేస్ ఇంకా హార్డ్ డిస్కుల మీదే ఉంటే ముందు దాన్ని ఎస్‌ఎస్‌డీకి మార్చండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇక "రాత్రి పెట్టేస్తే పొద్దున్నకి అయిపోతుంది" అనే నమ్మకం. 4 టీబీ డిస్కులకు అది చెల్లింది. 16 టీబీ డిస్కు సగటున సెకనుకు 180 మెగాబైట్లు చదివినా మొత్తం పూర్తవడానికి దాదాపు 25 గంటలు. నేను శనివారం అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టేవాణ్ని. ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునే సరికి ఇంకా ఐదారు గంటల పని మిగిలే ఉండేది. పైగా డిస్కు లోపలి ట్రాకుల దగ్గర వేగం దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి చివరి భాగానికే ఎక్కువ సమయం పడుతుంది.

రెండో దారి వేగానికి కళ్లెం వేయడం. పలు డిస్కుల్ని ఒకటిగా కలిపే లైనక్స్ ఎండీ రెయిడ్‌లో ఈ ఏర్పాటు ముందే ఉంది: డిస్కులు ఖాళీగా ఉంటే సెకనుకు 2,00,000 కిలోబైట్ల దాకా పోతుంది, వేరే పని వస్తే 1,000 దాకా తగ్గుతుంది. అయినా సినిమా ఆగుతోందంటే ఆ కనిష్ఠ పరిమితి ఎంతుందో చూడండి. ఎప్పుడో రీబిల్డ్ (పోయిన డిస్కులోని డేటాను కొత్త డిస్కులో తిరిగి కట్టడం) త్వరగా అవ్వాలని 50,000కు పెంచి, తిరిగి దించడం మరిచిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. దాన్ని దించితే సమస్య చాలావరకు తీరుతుంది. కానీ గరిష్ఠ వేగాన్నే 60 మెగాబైట్లకు కట్టేస్తే అదే 16 టీబీకి 74 గంటలు పడుతుంది. మూడు సాయంత్రాలు చెక్ నీడలోనే గడుస్తాయి.

అందుకే నా ఓటు విడతలకు. రాత్రి ఒంటిగంట నుంచి ఆరు దాకా నడిపి, ఆపి, మర్నాడు రాత్రి అక్కణ్నుంచే కొనసాగించడం. డిస్కుల్ని కలిపి కాపాడే సాఫ్ట్‌వేర్లలో దీనికి వీలుంది. జడ్‌ఎఫ్‌ఎస్‌లో స్క్రబ్‌ను (అక్కడ ఇలాంటి చెక్‌కు పేరు అదే) పాజ్ చేయొచ్చు, రీస్టార్ట్ చేసినా ఎక్కడ ఆగిందో దానికి గుర్తుంటుంది. అన్‌రెయిడ్‌లో క్యుములేటివ్ (విడతలవారీ) పారిటీ చెక్ ఉంది. ఎండీకి ఎండీచెక్ స్క్రిప్టు ఉంది. స్నాప్‌రెయిడ్ అయితే ఒక్కో స్క్రబ్‌కు అర్రేలో (మొత్తం డిస్కుల సమూహంలో) 8 శాతమే ముట్టుకుంటుంది. చివరి భాగంలో తప్పుంటే నాలుగైదు రోజులు ఆలస్యంగా తెలుస్తుంది, నిజమే. నెలకోసారి చేసే పరీక్షకు ఆ తేడా నాకు పెద్దగా అనిపించలేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ ప్లెక్స్ తన రోజువారీ పనులు డిఫాల్ట్‌గా రాత్రి 2 నుంచి 5 మధ్యే పెట్టుకుంటుంది. రెండూ ఒకేసారి పడితే రెండూ నెమ్మదిస్తాయి. నేను ప్లెక్స్ పనుల్ని మధ్యాహ్నానికి జరిపాను.

సినిమాలకు ఎస్‌ఎస్‌డీ క్యాష్ (చదివిన ఫైళ్లను మళ్లీ త్వరగా అందించడానికి ఎస్‌ఎస్‌డీలో ఉంచడం) పెట్టమంటారు కొందరు. ఒకసారి చూసి వదిలేసే ఫైళ్లకు దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. చెక్ పూర్తిగా మానేయడమైతే అసలు దారే కాదు.

ఇదంతా చెక్ గురించే. డిస్కు పోయి రీబిల్డ్ నడుస్తుంటే ఈ లెక్కలేవీ వద్దు. ఒక్క పారిటీ ఉన్న అర్రేలో అప్పుడు ఇంకో డిస్కు పోతే కాపాడేదేమీ ఉండదు. దాన్ని ఆపకుండా పూర్తి వేగంతో నడవనివ్వండి, ఆ రోజుకు సినిమా వాయిదా వేయండి.