దుగరాజపట్నం: వెళ్లొచ్చా, ఉండొచ్చా?

నెల్లూరు వచ్చిన చుట్టాలను మనం మైపాడు బీచ్‌కో, పెంచలకోనకో తీసుకెళ్తాం. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లయితే మాత్రం గూడూరు, వాకాడు మీదుగా దుగరాజపట్నం వెళ్లాల్సిందే. 2022లో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, అక్కడి మాటా, పులుసూ నెల్లూరువే.

మద్రాసు కంటే ముందు ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకున్నది ఇక్కడే. మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతో, పులికాట్‌లో డచ్చివాళ్లతో పొసగక, 1626 ప్రాంతంలో ఇక్కడ గిడ్డంగి వేసి ఫిరంగులు పెట్టుకున్నారు. వాళ్ల కాగితాల్లో ఈ ఊరు ఆర్మగాన్. కావాల్సింది అద్దకం బట్టలు. స్థానిక నాయకుడితో పేచీలు, సరుకు చూస్తే అంతంతమాత్రం. ఇక్కడి ఉద్యోగి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెళ్లి, 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసులో చోటు సంపాదించాడు. మరుసటి ఏడాదే ఈస్టిండియా కంపెనీ ఇక్కణ్నుంచి మకాం ఎత్తేసింది.

ఇంత కథ ఉన్న ఊళ్లో అదంతా చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనపడలేదు. ఉన్నదల్లా బకింగ్‌హామ్ కాలువ, ఉప్పుగాలి, ఒడ్డున ఫైబర్ బోట్లు. నీలం వల ఒళ్లో పోసుకుని, కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టి, చిరుగులు కుడుతున్న పెద్దాయన్ని పోర్టు సంగతి అడిగాను. "పోర్టు పోర్టు అని వింటానే ఉండాం సార్, ముందు మాకు జెట్టీ కట్టమనండి" అన్నాడు.

ఆయన విసుగులో న్యాయముంది. 2014 విభజన చట్టం ఇక్కడ పెద్ద పోర్టు కడతామంది, తొలి దశకు 2018 గడువు కూడా పెట్టింది. పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, పైన అప్పటికే నడుస్తున్న కృష్ణపట్నం పోర్టు. దాంతో పోర్టు మాట ఇంకా ఉత్తరాన ఉన్న రామాయపట్నం వైపు మళ్లింది. ఇప్పుడు ఓడల తయారీ కేంద్రం అంటున్నారు. వస్తే సంతోషమే. కానీ భూములు చదును చేసేముందు పాత గిడ్డంగి ఉన్న చోటేదో పురావస్తు శాఖతో వెతికించాలి. ఆ తర్వాత తవ్వడానికేమీ మిగలదు.

బస విషయానికొస్తే, ఊళ్లో ఉండే ఏర్పాటు లేదు. గూడూరులో దిగిన లాడ్జి గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం పొద్దున ఏడు దాకే. పైగా రాత్రంతా రైళ్ల మోత. కుటుంబంతో వెళ్తే నెల్లూరులోనే దిగడం మేలు. గూడూరు నుంచి వాకాడుకు బస్సులున్నాయి, అక్కడి నుంచి ఆటో. రానూపోనూ కలిపి ముందే మాట్లాడుకోండి, సాయంత్రం ఖాళీ ఆటో దొరకడం కష్టం. మరుగుదొడ్డి ఆశ పెట్టుకోవద్దు. టీ కొట్టుంది, భోజనం మాత్రం వాకాడులో కానిచ్చేయాలి.

దుగరాజపట్నం ఒక్కదానికే అంత దూరమా అంటే, నాలాంటి వాళ్లకు సరే, పిల్లలకు విసుగు. చలికాలంలో వెళ్లి నేలపట్టు పక్షులు, పులికాట్ ఫ్లెమింగోలు కూడా కలుపుకుంటే పెట్రోలు ఖర్చు గిట్టుబాటవుతుంది.