క్రెటా డీజిల్ ఆటోమేటిక్‌కు బయటి గేర్ ఆయిల్: వాల్వోలిన్ మ్యాక్స్‌లైఫ్ ఏటీఎఫ్ ఎంతవరకు పనికొస్తుంది?

2015లో హ్యుందాయ్ క్రెటా డీజిల్ ఆటోమేటిక్ మార్కెట్లోకి వచ్చిన కొత్తలో కొన్న కార్లకు ఇప్పుడు వారంటీ లేదు. వాటిలో చాలావరకు లక్ష కిలోమీటర్లు దాటి ఉంటాయి. గేర్‌బాక్సు ఆయిల్ మార్చాల్సిన సమయం వచ్చేసరికి ఈ యజమానులకు ఈ గేర్‌బాక్సుకు హ్యుందాయ్ నిర్దేశించిన ఎస్‌పీ-4 ప్రమాణంతో కంపెనీ పేరున్న ఆయిల్ కొనాలా, దానికి బదులుగా పనికొస్తుందని చెప్పే బయటి ఆయిల్ కొనాలా అన్న సందేహం ఎదురవుతుంది. నేను రెండోదాన్ని ఎంచుకుని వాల్వోలిన్ వారి మ్యాక్స్‌లైఫ్ మల్టీ వెహికల్ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) పోయించాను. హైదరాబాద్ ట్రాఫిక్‌లోనూ ఎండాకాలంలోనూ బండి నడిపి చూసిన మీదట రాస్తున్న అభిప్రాయం ఇది.

ముందుగా చెప్పవలసిన హెచ్చరిక ఒకటుంది. ఆటోమేటిక్ అన్న మాట విని ఆయిల్ కొనకూడదు. 2020లో వచ్చిన క్రెటానే తీసుకుంటే, 1.5 లీటర్ల డీజిల్‌కు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) ఉన్న ఆరు గేర్ల ఆటోమేటిక్, 1.5 లీటర్ల పెట్రోల్‌కు ఐవీటీ అని పిలిచే సీవీటీ (విడివిడి గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచేది), 1.4 టర్బో పెట్రోల్‌కు ఏడు గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌లతో నడిచేది) ఇచ్చారు. మూడింటికీ కావలసిన ఆయిల్ వేరు. సీవీటీలో లోహపు బెల్టు పుల్లీని జారకుండా పట్టుకోవాలి, దాని ఆయిల్‌ను ఆ పట్టు కోసమే తయారు చేస్తారు. టార్క్ కన్వర్టర్ బండిలో పోసే ఎర్ర ఆయిల్ అందులో పోస్తే బెల్టు జారి గేర్‌బాక్సు పాడవుతుంది. క్లచ్ పెడల్ లేకుండా నడిచే మారుతి వారి ఏజీఎస్ బండ్లయితే లోపల ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే కాబట్టి దానికి ఏటీఎఫ్‌తో సంబంధమే లేదు. మ్యాక్స్‌లైఫ్ తయారీదారులు కూడా సీవీటీకి, డీసీటీకి దీన్ని వాడవద్దనే చెబుతారు. ఇక్కడినుంచి నేను చెప్పేదంతా టార్క్ కన్వర్టర్ బండ్ల గురించే.

రాణిగంజ్‌లో ఆయిల్ డబ్బాలు నేలనుంచి పైకప్పుదాకా పేర్చి ఉన్న దుకాణంలో ఎస్‌పీ-4 అడిగితే, కౌంటరు వెనకున్న ఆయన డెక్స్‌రాన్-3 (జనరల్ మోటార్స్ వారి పాత ఏటీఎఫ్ ప్రమాణం) అని రాసి ఉన్న డబ్బా ముందు పెట్టి, "ఏం గాదు సార్, ఎర్ర ఆయిల్ అన్నిట్ల నడుస్తది" అన్నాడు. ఎరుపు కేవలం రంగు. కారు కింద కారేది ఇంజిన్ ఆయిలా, గేర్ ఆయిలా అని తేలిగ్గా గుర్తుపట్టడానికి కలిపేది తప్ప అది నాణ్యతకు గుర్తు కాదు. పైగా డెక్స్‌రాన్-3కి జనరల్ మోటార్స్ 2006 చివరితోనే లైసెన్సులు ఇవ్వడం మానేసింది. ఆ పేరుతో ఇప్పుడు దొరికే డబ్బాలో ఏముందో చూసి చెప్పే బాధ్యత ఆ కంపెనీది కాదు, దానిమీద ఉన్నది డబ్బా నింపినవాడి మాట మాత్రమే.

అంతకంటే ముఖ్యమైన తేడా చిక్కదనంలో ఉంది. వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర డెక్స్‌రాన్-3 తరం ఆయిళ్లు ఏడు సెంటీస్టోక్స్‌కు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) పైన ఉంటాయి, ఎస్‌పీ-4, టయోటా డబ్ల్యూఎస్ వంటి పలచని ఆయిళ్లు ఐదున్నర దరిదాపుల్లో ఉంటాయి, డెక్స్‌రాన్‌లో కొత్త తరమైన డెక్స్‌రాన్-6 ఆరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆరు గేర్ల పెట్టెలో వాల్వ్ బాడీలోని (ఆయిల్‌ను కావలసిన చోటికి పంపే భాగం) సన్నని దారులు, కరెంటుతో పనిచేసే సోలనాయిడ్ కవాటాలు, కంప్యూటరు వేసుకునే ఒత్తిడి లెక్కలు అన్నీ ఆ పలచని ఆయిల్‌ను బట్టే అమర్చినవి. మ్యాక్స్‌లైఫ్ ఆరుకు దగ్గరగా ఉంటుంది. అంటే కంపెనీ ఆయిల్ కంటే వెంట్రుకవాసి చిక్కన, పాత తరం ఆయిల్ కంటే బాగా పలచన. నా ఎంపికకు మొదటి కారణం ఇదే.

రెండో కారణం డబ్బా వెనకవైపు ఉంటుంది, చాలామంది చదవనిదీ అదే. అక్కడ రాసే మాటల్లో రెండు స్థాయిలున్నాయి. కారు కంపెనీ పరీక్షించి లైసెన్సు ఇచ్చినట్టు చెప్పడం మొదటిది. డెక్స్‌రాన్-6 లైసెన్సు ఉన్న డబ్బా మీద జె అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఫలానా ప్రమాణం కోరే బండ్లలో వాడుకోవచ్చని ఆయిల్ తయారీదారు తనంతట తాను చెప్పడం రెండోది. మ్యాక్స్‌లైఫ్ డబ్బా మీద ఎస్‌పీ-4, టయోటా డబ్ల్యూఎస్, హోండా డీడబ్ల్యూ-1, ఫోర్డ్ మెర్కాన్ ఎల్‌వీ అన్నీ కనిపిస్తాయి గాని అది ఈ రెండో రకం మాట, హ్యుందాయ్ ముద్ర కాదు. ఒక్క ఆయిల్ ఇన్ని ప్రమాణాలకు సరిపోతుందంటే దేనికీ అచ్చుగుద్దినట్టు సరిపోదనే అర్థం, రాజీ ఎంతో కొంత ఉండే ఉంటుంది. అయితే ఈ మాట చెబుతున్నది దశాబ్దాలుగా ఆయిల్ తయారీలో ఉన్న సంస్థ కాబట్టి ఆ రాజీ నాకు సమ్మతమైంది. ఊరూ పేరూ లేని డబ్బా మీద ఇదే జాబితా అచ్చువేసి ఉంటే సమ్మతించేవాణ్ని కాదు.

కంపెనీ ఆయిల్ అన్నది కూడా మనం అనుకునేంత పవిత్రమైన వస్తువు కాదు. హ్యుందాయ్ యజమానుల పుస్తకాల్లోనే మిచాంగ్, ఎస్‌కే, నోకా సంస్థల ఎస్‌పీ-4 పేర్లు కంపెనీ సొంత పేరు పక్కన అచ్చువేసి ఉంటాయి. కారు కంపెనీ ఆయిల్ బావులు తవ్వదు, ప్రమాణం రాసి ఇతరులచేత చేయించుకుంటుంది. కాబట్టి ఆ మూడింటిలో ఒకటి సీలుతో దొరికితే నా సిఫారసు అదే. అప్పుడు మ్యాక్స్‌లైఫ్ అవసరమే రాదు. వారంటీ మిగిలి ఉన్నవారికైతే ఈ చర్చంతా అనవసరం. పుస్తకంలో ఉన్న ఆయిల్ పోయించి బిల్లు దాచుకోవాలి.

ఆయిల్ ఎంత మంచిదైనా పోసే పద్ధతి తప్పితే ఫలితం ఉండదు. ఈ పెట్టెలో పట్టేది ఏడు లీటర్లకు పైగా ఉంటే, కింది బోల్టు విప్పినప్పుడు కారేది ఇంచుమించు సగమే. మిగిలింది టార్క్ కన్వర్టర్‌లోనూ వాల్వ్ బాడీలోనూ ఉండిపోతుంది. సగం చొప్పున మార్చితే మొదటిసారికి కొత్తది 50 శాతం, రెండోసారికి 75, మూడోసారికి 87కు పైగా అవుతుంది. మెషీను పెట్టి ఒక్క దెబ్బతో ఫ్లష్ చేస్తామని ఒక వర్క్‌షాపులో చెప్పారు గాని, ఎన్నో ఏళ్లుగా ఆయిల్ మార్చని బండికి అంత హఠాత్తు మార్పు కంటే, మధ్యలో కొంత నడుపుతూ విడతలవారీగా మార్చడమే నాకు నచ్చింది.

కొలత విషయంలో మెకానిక్‌ను దగ్గరుండి గమనించాలి. ఇంజిన్ ఆయిల్ మాదిరి కడ్డీ తీసి చూసుకునే ఏర్పాటు ఈ బండికి లేదు. బండిని నాలుగు వైపులా సమంగా లేపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బ్రేకు తొక్కిపెట్టి గేర్లన్నీ ఒకసారి తిప్పి, కారు కంప్యూటరు లెక్కలు చదివే స్కానర్‌లో ఆయిల్ వేడి 50 నుంచి 60 డిగ్రీల మధ్య చూపిస్తున్నప్పుడు ఆయిల్ మట్టం చూసే లెవెల్ ప్లగ్ విప్పాలి. సన్నని ధారగా కారి, దారంలా సన్నబడి, చివరకు చుక్కలుగా పడుతున్న సమయంలో ప్లగ్ బిగిస్తే లెవెల్ సరిపోయినట్టు. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే ఎక్కువ పోస్తారు, బాగా కాగినప్పుడు కొలిస్తే తక్కువ పోస్తారు. కారినంత కొలిచి అంతే పోస్తే చాలదా అని అడిగేవారున్నారు గాని, పాతది అప్పటికే తక్కువగా ఉంటే ఆ లోటు అలాగే ఉండిపోతుంది. స్కానర్ లేని చోట ఈ పని చేయించకపోవడమే మేలు.

ఇక నడక. నా బండిలో పాత ఆయిల్ గోధుమరంగుకు తిరిగి కాస్త మాడు వాసన వేసింది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా పాకుతూ పోయే ట్రాఫిక్‌లో లాకప్ క్లచ్ (ఇంజిన్‌ను, గేర్‌బాక్సును జారుడు లేకుండా నేరుగా కలిపేది) పట్టుకునే అవకాశమే రాదు కాబట్టి కన్వర్టర్‌లో ఆయిల్ చిలకబడుతూ వేడెక్కుతుంది, దానికి ఏప్రిల్, మే ఎండ తోడవుతుంది. పుస్తకాల్లో కఠినమైన వాడకం అని రాసేది మన నగరంలో రోజువారీ వాడకమే. మార్చాక రెండో గేరునుంచి మూడోదానికి పోయేటప్పుడు ఇంతకుముందు తగిలిన కుదుపు తగ్గింది, అవుటర్ రింగ్ రోడ్డు మీద నిలకడైన వేగంలో లాకప్ పడే సమయాన వచ్చే సన్నని వణుకు పోయింది. తెల్లవారుజామున చలిలో మొదటి రెండు మూడు షిఫ్టులు మాత్రం కొంచెం బరువుగా అనిపించాయి, వేడెక్కాక ఆ తేడా లేదు. ఈ మెరుగుదల ఘనత అంతా మ్యాక్స్‌లైఫ్‌దని చెప్పలేను. తాజా ఎస్‌పీ-4 పోసినా ఇంతే మార్పు వచ్చేదని నా నమ్మకం. బదులు పోసిన ఆయిల్ కారణంగా కొత్త లోపం ఏదీ రాలేదన్నదే ఈ వస్తువుకు నేనిచ్చే అసలు మార్కు.

కొనేటప్పుడు మూత సీలు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూసి, విడతలకు సరిపడా డబ్బాలన్నీ ఒకే చోట బిల్లుతో తీసుకోవాలి. లూజుగా పోసి ఇస్తామంటే వద్దనాలి. దాంతోపాటు గేర్ మెత్తబడుతుందంటూ చిన్న సీసాల్లో అమ్మే కలుపుడు మందులు ఏవీ కొననక్కరలేదు. క్లచ్ ప్లేట్ల రాపిడిని అదుపుచేసే రసాయనాలు ఏటీఎఫ్‌లో ముందే కొలిచి కలిపి ఉంటాయి, పైనుంచి పోసేది ఆ పాళ్లను చెడగొడుతుంది.