ఎల్లిస్ దీవికి టిక్కెట్టు ఎక్కడ కొనాలి, ఎక్కడ కొనకూడదు

ఎల్లిస్ దీవి అంటే అమెరికాకు ఓడల్లో వలసవచ్చినవారిని ఒకప్పుడు పరీక్షించి లోపలికి పంపిన చోటు. అక్కడికీ, పక్కనే లిబర్టీ విగ్రహం ఉన్న దీవికీ పడవలో వెళ్లాలి. న్యూయార్క్‌లో మాన్‌హాటన్ దక్షిణపు కొసన బ్యాటరీ పార్కు దగ్గర సబ్‌వే మెట్లెక్కి బయటికి రాగానే, మెడలో గుర్తింపు కార్డు, ఒంటి మీద రంగు జాకెట్టు వేసుకున్న మనుషులు చుట్టుముడతారు. మన మొహం చూసి "నమస్తే" అంటారు. లోపల కౌంటర్లో టిక్కెట్లు అయిపోయాయి, మిగిలినవి మా దగ్గరే ఉన్నాయి అంటారు. వాళ్లకు ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. మా బావగారు 180 డాలర్లు ఇచ్చారు, తలకు 45 చొప్పున నలుగురికి. మా అబ్బాయి "మామయ్యా, ఆగండి" అంటూనే ఉన్నాడు. "కార్డు కనపడుతోంది కదరా, ప్రభుత్వం మనిషే" అని ఆయన వాడి నోరు మూయించారు.

ఎక్కిన పడవ లిబర్టీ విగ్రహం ముందు నుంచి ఒక చుట్టు తిరిగి వెనక్కి వచ్చేసింది. ఏ దీవిలోనూ ఆగలేదు. ఆ దీవుల్లో యాత్రికులను దించడానికి ప్రభుత్వం ఒకే ఒక్క సంస్థకు అనుమతి ఇచ్చిందట. డబ్బు వెనక్కి అడిగితే టిక్కెట్టు వెనక కళ్లజోడు పెట్టుకున్నా కనపడని అక్షరాలు చూపించారు, "ఆగుతుందని ఎక్కడ రాశాం?" అన్నారు. అసలు టిక్కెట్లు ఆ పార్కులోనే, క్యాజిల్ క్లింటన్ అనే గుండ్రటి రాతి కోటలో అమ్ముతారు. మేము వెళ్లినప్పుడు పెద్దలకు 25 డాలర్లు, 62 ఏళ్లు దాటినవారికి 22. రెండు దీవులు, మ్యూజియాలు, ఆడియో గైడు అన్నీ అందులోనే. విగ్రహాన్ని దూరం నుంచి చూస్తే చాలనుకునేవారికి స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉంది, పూర్తిగా ఉచితం.

ఆ కోట చరిత్ర చదివాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 1855 నుంచి 1890 దాకా న్యూయార్క్ రాష్ట్రం వలసవచ్చినవారిని దించుకున్నది అక్కడే. అప్పట్లో దాని పేరు క్యాజిల్ గార్డెన్. దాన్ని తెరవడానికి ఒక ముఖ్య కారణం రేవులో తిరిగే దళారులు. ఓడ దిగిన ఐరిష్‌వారి దగ్గరికి ఐరిష్ దళారి, జర్మన్ల దగ్గరికి జర్మన్ దళారి వెళ్లి, సొంత భాషలో పలకరించి, సామాను లాక్కుపోయి, పనికిరాని రైలు టిక్కెట్లు అంటగట్టేవారు. వాళ్లను గేటు బయట ఆపి, లోపలే సరసమైన ధరకు టిక్కెట్లు అమ్మాలన్నది ప్రభుత్వం ఆలోచన. నూట డెబ్భై ఏళ్లు గడిచాయి. కోట లోపల సరైన ధర, గేటు బయట దళారి!

బావగారు 180ని రూపాయల్లోకి మార్చుకుని, రెండు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయనను బతిమాలి మళ్లీ బయలుదేరదీశాము, ఈసారి న్యూజెర్సీ వైపు నుంచి. జెర్సీ సిటీ, ఎడిసన్ ప్రాంతాల్లో పిల్లల దగ్గర ఉండేవారందరికీ నా సలహా ఇదే: బ్యాటరీ పార్కు జోలికి పోకండి, లిబర్టీ స్టేట్ పార్కు నుంచి ఎక్కండి. ధర అదే, క్యూ చిన్నది, దళారుల బెడద మాకు తగల్లేదు. పడవ మొదట ఎల్లిస్ దీవికే వెళ్తుంది. రేవు పక్కనే 1889 నాటి పాత రైల్వే టెర్మినల్ ఉంది. ఎల్లిస్‌లో గట్టెక్కినవారిలో చాలామంది దేశం లోపలికి రైలెక్కింది అక్కడి నుంచే.

ఎల్లిస్ దీవి 1892 జనవరి 1న తెరుచుకుంది, 1954లో మూతపడింది. సుమారు కోటీ ఇరవై లక్షల మంది దాని గుండా వచ్చారు. మొదటి, రెండో తరగతి ప్రయాణికులను ఓడలోనే చూసి పంపేసేవారు. దీవిలో దిగి పై హాలుకు మెట్లు ఎక్కాల్సింది ఓడ అడుగున చౌక టిక్కెట్టు మీద వచ్చినవారే. పైన డాక్టర్లు నిలబడి ఎవరు ఆయాసపడుతున్నారో, ఎవరు కుంటుతున్నారో చూసి కోటు మీద సుద్దముక్కతో రాసేవారు: గుండెకు హెచ్, కాలికి ఎల్, కంటికి ఈ. కోటు తిరగేసి తొడుక్కుని తప్పించుకున్నవారూ ఉన్నారట. ఆ మాట విన్నాకే బావగారి మొహంలో కాస్త వెలుగు వచ్చింది.

ఇక్కడా మోసం తప్పలేదు. డబ్బు మార్చే గుమాస్తాలు, తిండి కాంట్రాక్టర్లు కొత్తవారిని దోచుకుంటున్నారని 1902లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ విలియం విలియమ్స్ అనే లాయరును కమిషనరుగా వేసి ప్రక్షాళన చేయించాడు.

"మనవాళ్లు ఎవరైనా ఇలా వచ్చారా?" అని మా ఆవిడ అడిగింది. రావడానికి లేకుండా 1917 చట్టం భారతదేశంతో సహా ఆసియాలో చాలా భాగానికి తలుపు మూసింది. 1946లో తెరిచినా ఏడాదికి వంద మందికే. ఆ కోటాల పద్ధతిని ఎత్తేసిన 1965 చట్టం మీద లిండన్ జాన్సన్ సంతకం పెట్టింది పక్క దీవిలోనే, విగ్రహం పాదాల దగ్గర. మా అబ్బాయి ఉద్యోగానికి దారి అక్కడ పడింది. వాడికి ఆ సంగతి తెలియదు. ఫోనులో వెతికి చూసి నమ్మాడు.

మాన్‌హాటన్ హోటలు గురించి ఒక్క మాట. గది 214 డాలర్లని బుక్ చేస్తే, ఖాళీ చేసేటప్పుడు 'సౌకర్యాల రుసుము' అంటూ ఇంకో 39 కలిపారు. సౌకర్యం అంటే రెండు నీళ్ల సీసాలు. బుక్ చేసేముందే మొత్తం ఎంతో అడగండి.

వలసవచ్చినవారు ఎలా బతికారో చూడాలంటే మాన్‌హాటన్‌లోనే ఆర్చర్డ్ వీధికి వెళ్లాలి. అక్కడ 97వ నంబరు ఇల్లు ఇప్పుడు టెనెమెంట్ (అంటే ఇరుకు అద్దె వాటాల ఇల్లు) మ్యూజియం. 1863లో కట్టారు, 1935 వరకు దాదాపు 7,000 మంది అందులో కాపురాలున్నారు. ఒక్కో వాటాలో మూడు గదులు కలిపి 325 చదరపు అడుగులు. ముందు గదిలో పోలండ్ నుంచి వచ్చిన ఒక కుటుంబం దుస్తులు కుట్టే కార్ఖానా నడిపింది. ఇస్త్రీ పెట్టె వేడెక్కేది వంట పొయ్యి మీదే. మొదట్లో మరుగుదొడ్లన్నీ పెరట్లో ఉండేవి. 1901 చట్టం వచ్చాక గానీ అవి ఇంట్లోకి రాలేదు. గైడు లేకుండా లోపలికి పంపరు, ముందే బుక్ చేసుకోవాలి. ఇరుకు మెట్లు, మోకాళ్ల నొప్పులున్నవారు పై అంతస్తుల టూరు తీసుకోవద్దు. మా ఆవిడ తీసుకుంది, ఆ రాత్రంతా నన్ను తిట్టింది.

ఆ కుట్టుపని క్రమంగా ఇళ్లలోంచి ఫ్యాక్టరీలకు పోయింది. వాషింగ్టన్ ప్లేస్, గ్రీన్ వీధుల మూలన ఉన్న భవనంలో 1911 మార్చి 25న ట్రయాంగిల్ అనే ఆడవాళ్ల జాకెట్ల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. ఎక్కువమంది యూదు, ఇటాలియన్ అమ్మాయిలు. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం. అగ్నిమాపక నిచ్చెన ఆరో అంతస్తు వరకే అందింది. యజమానులు నిర్దోషులుగా బయటపడ్డారు. అయితే కింద నిలబడి ఆ ఘోరం చూసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్ తర్వాత ఫ్యాక్టరీల భద్రతా చట్టాలకు పోరాడి, 1933లో కార్మిక మంత్రి అయింది, అమెరికా క్యాబినెట్లో మొదటి మహిళ. 2023లో అక్కడ ఉక్కు పట్టీతో స్మారకం పెట్టారు. పేర్లు పైన చిల్లులుగా చెక్కి ఉంటాయి. నడుము ఎత్తున ఉన్న నల్లటి పలకలో వాటి ప్రతిబింబాన్ని చదువుకోవాలి. టిక్కెట్టు లేదు, క్యూ లేదు. న్యూయార్క్‌లో ఒక్క గంటే ఉంటే ఇక్కడికే వెళ్లమంటాను.

శాకాహారులు భయపడనక్కర్లేదు. హ్యూస్టన్ వీధిలో 1910 నుంచి ఉన్న యోనా షిమ్మెల్ దుకాణంలో బంగాళదుంప నిష్ తిన్నాము. నూనెలో వేయించకుండా కాల్చిన ఆలూ బోండా అనుకోండి, అరచేతి సైజులో. మేము తిన్నప్పుడు ఒకటి 6 డాలర్లు, ఒక పూటకు సరిపోతుంది. ఆవముద్ద (మస్టర్డ్) కూడా అడిగి వేయించుకోండి, అది లేకపోతే చప్పగా ఉంటుంది. బావగారు రెండు తిని, మూడోది పొట్లం కట్టించారు.