కార్బ్ పోయి ఇంజెక్షన్ వచ్చింది: మా అంబాసిడర్ సంగతులు

పాత కారుకి కార్బ్ (కార్బ్యురేటర్) తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే కంప్యూటర్ లెక్కన పెట్రోలు చిమ్మే పద్ధతి, పెడితే పికప్ ఎంత పెరుగుతుందని చాలామంది అడుగుతుంటారు. పెద్దగా పెరగదు. మా మార్క్ 4 అంబాసిడర్‌లో ఉన్నది అదే పాత 1489 సీసీ బీ-సిరీస్ ఇంజన్. హెడ్ (సిలిండర్ల పై మూత) మారలేదు, క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) మారలేదు, పెట్రోలు పోసే పద్ధతి ఒక్కటే మారింది. బాగుపడింది బండి బుద్ధి. పొద్దున్నే చోక్ లాగే పని లేదు. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్ పడిపోదు. ఏ బంకులో పోయించినా గొణగదు. విశాఖలో రెండేళ్లకు పైగా ఇదే కారు నడుపుతున్నాను కాబట్టి కొత్త మోజులో చెప్తున్న మాటలు కావివి.

ఈ పనికి దిగింది పెట్రోలు మారినందుకే. మామూలు పెట్రోలు ఒక పాలుకి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నట్టు 20 శాతం ఇథనాల్ కలిస్తే దాదాపు 13.5 చాలు. అంటే అంతే గాలికి ఇప్పుడు ఎక్కువ పెట్రోలు పోయాలి. పాత సెట్టింగ్ మీద నడిపితే మిక్చర్ లీన్ అయ్యి (పెట్రోలు పాలు తగ్గి) ఇంజన్ వేడెక్కుతుంది, పికప్ ఇవ్వగానే దగ్గుతుంది. బండికి ముందున్న ఎస్‌యూ రకం కార్బ్ మంచిదే, నేనేమీ దాన్ని తిట్టను. జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి గొట్టం) కింద నట్ తిప్పి పెట్రోలు పెంచి రిచ్ చేసుకోవచ్చు. కానీ ఐడ్లింగ్‌కి కుదిరిన సెట్టింగ్ హైవే మీద కుదరదు. ఇంజెక్షన్‌లో సైలెన్సర్ పైపుకి పెట్టిన ఆక్సిజన్ సెన్సర్ పొగ చూసి చెప్తుంది, ఈసీయూ (ఇంజెక్షన్ నడిపే కంప్యూటర్) ఆ లెక్కన పోత సరిచేసుకుంటుంది. నాకు దీనివల్ల కలిగిన అసలు లాభం ఇదే, మిగతావన్నీ కొసరు.

అంబాసిడర్ హెడ్‌తో ఒక తిరకాసు ఉంది, ఇంటర్నెట్లో కిట్ కొనేముందు అది తెలుసుకోవాలి. నాలుగు సిలిండర్లకు ఇన్లెట్ రంధ్రాలు రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4కి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరస) 1-3-4-2 కాబట్టి రెండోది గాలి పీల్చిన వెంటనే ఒకటోది పీలుస్తుంది, తర్వాత ఆ రంధ్రానికి చాలాసేపు పనుండదు. అటు 3, 4 సంగతీ అంతే. రంధ్రానికో ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే నాజిల్) పెట్టి ఏకధారగా కొడితే ఖాళీ సమయంలో చేరిన పెట్రోలంతా మధ్య సిలిండర్లు తాగేస్తాయి, చివరి రెండూ లీన్‌గా మిగులుతాయి. ఇదే కుటుంబానికి చెందిన ఏ-సిరీస్ ఇంజన్‌తో రోవర్ వాళ్లు మినీ కార్లలో మొదట ఒకే ఇంజెక్టర్ పెట్టి సరిపెట్టుకున్నారు. 1996లో గానీ రెండు ఇంజెక్టర్ల పద్ధతికి రాలేదు, దానికీ ఏ క్షణంలో కొట్టాలో చాలా జాగ్రత్తగా లెక్క కట్టాల్సి వచ్చింది. కంపెనీయే అంత తంటాలు పడ్డాక మనకెందుకని నేనూ ఒకే ఇంజెక్టర్ దారి పట్టాను.

జర్మనీలో ఉండే మా బావమరిది పాత కార్ల విడిభాగాల అంగడిలో బాష్ మోనో-జెట్రానిక్ త్రాటిల్ బాడీ (కార్బ్ స్థానంలో కూర్చునే గాలి తలుపు, ఇంజెక్టర్ కలిసిన భాగం) ఒకటి చూసి తెచ్చిపెట్టాడు. నడుమ ఒకే ఇంజెక్టర్, పెట్రోలు ప్రెషర్ సుమారు 1 బార్. ఎస్‌యూ పక్కకు పడుకుని ఉంటుంది, ఇదేమో పైనుంచి కిందికి పోస్తుంది. అందుకని లేత్ షాపులో అల్యూమినియం ఎల్బో (వంపు గొట్టం) ఒకటి చేయించాల్సి వచ్చింది. దాని ఐడిల్ మోటర్‌ని బయటి ఈసీయూతో ఆడించడం తలనొప్పి. అది వదిలేసి రెండు వైర్ల ఐడిల్ వాల్వ్ విడిగా పెట్టాను. ఈసీయూ స్పీడువినో అనే ఓపెన్ సోర్స్ బోర్డు, ట్యూనింగ్ ల్యాప్‌టాప్‌లో ట్యూనర్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో. ఈ ఇంజెక్టర్ రెసిస్టెన్స్ చాలా తక్కువ, ఒకటిన్నర ఓమ్ కూడా ఉండదు. వరసలో రెసిస్టర్ పెట్టకపోతే ఈసీయూలో ఇంజెక్టర్‌ని ఆడించే డ్రైవర్ చిప్ మాడిపోతుంది. ఆ రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది, వైర్లకు దూరంగా ఇనుప రేకు మీద బిగించాలి.

ఇక కరెంటు కథ. నా సమయమంతా తిన్నది ఇదే. ఇంజన్ ఆడుతుండగా ల్యాప్‌టాప్‌లో ఆర్‌పీఎం చూస్తే 850, 860, ఉన్నట్టుండి 6,000, మళ్లీ 850. సూది ఎగిరిన ప్రతిసారీ ఇంజన్ పెట్రోలు మింగి దగ్గేది. కారణం ఇంజెక్షన్ కాదు, ప్లగ్గు వైర్లు. పాత రాగి వైర్లలో పుట్టే స్పార్క్ గోల సెన్సర్ వైర్లలోకి దూరుతోంది. రెసిస్టర్ ప్లగ్గులు, కార్బన్ వైర్లు వేసి, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ పికప్ (స్పార్క్ సమయం చెప్పే సెన్సర్) పెట్టి, సెన్సర్ల ఎర్త్‌లన్నీ ఇంజన్ బ్లాక్ మీద ఒకే బోల్టుకి తెచ్చాక ఆ సూది నిలకడగా నిలబడింది. మా ఎలక్ట్రీషియన్ మొదట నవ్వాడు, "ఎర్తే కదా బాబూ, ఎక్కడ కడితే ఏంటి" అని. ఇప్పుడు వేరే బళ్లకూ అలాగే కడుతున్నాడు.

చార్జింగ్ కూడా సరిచూసుకోవాలి. రాత్రి వానలో హెడ్‌లైట్లు, వైపర్, పెట్రోలు పంపు కలిసి లాగితే వోల్టేజీ పడిపోతుంది, వోల్టేజీ పడితే ఇంజెక్టర్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. ఈసీయూలో దానికి దిద్దుబాటు పట్టిక ఉన్నా, ఆల్టర్నేటర్ గట్టిది ఉంటే ఆ బాధే ఉండదు. విశాఖవాళ్లకి ఇంకో మాట. ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. రబ్బరు సీలున్న కనెక్టర్లే వాడండి, లోపల కొంచెం గ్రీజు రాయండి.

పెట్రోలు లైన్‌లో పొదుపు వద్దు. ఇథనాల్‌కి తట్టుకునే ఆర్9 రకం పైపు, పంపుకి ముందొక ఫిల్టర్, తర్వాతొకటి, ట్యాంకుకి తిరిగొచ్చే రిటర్న్ లైన్, యాక్సిడెంట్ అయితే పంపు ఆపే ఇనర్షియా స్విచ్. ఇవన్నీ ఉండాల్సిందే. ముసలి ట్యాంకులో తుప్పు రాలుతూనే ఉంటుంది, మొదటి ఫిల్టర్ విప్పితే టీ డికాషన్ రంగు నీళ్లు కారాయి. నేను మొదట పెట్టిన చవక పంపు నడిరోడ్డు మీద చచ్చింది, అప్పట్నుంచి డిక్కీలో ఒక పంపు, ఒక రిలే ఎప్పుడూ ఉంటాయి. మే నెలలో ఇంకో చిక్కు. ఎండలో గంట నడిపి పది నిమిషాలు ఆపితే ఇంజెక్టర్ దగ్గర పెట్రోలు మరుగుతుంది. 1 బార్ ప్రెషర్‌కి ఇది తప్పదు. కీ ఆన్ చేసి పంపు నాలుగైదు సెకన్లు తిరిగాక సెల్ఫ్ కొడితే అంటుకుంటుంది.

అరకు ఘాట్‌లో మాత్రం మురిసిపోయాను. అరకు దగ్గర దగ్గర 900 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే పదో వంతు తక్కువ. మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) దాన్ని చూసి చెప్తే ఈసీయూ పెట్రోలు తగ్గించుకుంటుంది. డిసెంబరు పొద్దున అక్కడ తొలి సెల్ఫ్‌కే లేచింది. లేచాక మాత్రం మొదటి రెండు నిమిషాలు తడబడింది, చల్లటి ఎల్బో గోడలకు పెట్రోలు తడిగా అంటుకుపోవడం వల్ల. రేడియేటర్ వేడి నీళ్ల పైపు ఆ ఎల్బో చుట్టూ తిప్పించాక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

మైలేజీ ఊళ్లో లీటరుకి ఎనిమిది నుంచి పదికి వచ్చింది, హైవేలో ఇంకాస్త. ఖర్చు 80-90 వేల దాకా అయింది కాబట్టి పెట్రోలు ఆదాతో అది తీరాలంటే మనవళ్లు నడపాలి. పొల్యూషన్ టెస్టులో పాత కార్లకు ఉన్న 3 శాతం సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పరిమితికి చాలా కింద ఉంటోంది.

ఏడాదికి నాలుగుసార్లు బయటకు తీసే కారైతే ఈ గొడవ అక్కర్లేదు, ఎస్‌యూని శుభ్రం చేయించి కొత్త సూది, జెట్ వేయించుకోండి. వింటేజ్ ర్యాలీలకు వెళ్లేవాళ్లకూ ఇది వద్దు, ఒరిజినాలిటీ మార్కులు పోతాయి. రోజూ నడిపేవాళ్లు, ల్యాప్‌టాప్ చూసి భయపడనివాళ్లు, ముందు వైరింగ్ అంతా కొత్తగా వేయించుకుని అప్పుడు ఇంజెక్షన్ జోలికి రండి. హెడ్ కోయడం, మ్యానిఫోల్డ్ (హెడ్‌కి గాలి తెచ్చే గొట్టం) కోయడం లాంటివి చేయకండి. నేను విప్పిన ఎస్‌యూ, మెకానికల్ పంపు, చోక్ కేబుల్ అన్నీ నూనె రాసి ఒక డబ్బాలో ఉంచాను. ఒక ఆదివారం కూర్చుంటే తిరిగి బిగించేయొచ్చు, ఇంతవరకు ఆ అవసరం రాలేదు.