మూడేళ్లుగా పులుసు పెడుతున్న మూకుడు

రాజమండ్రిలో మూడేళ్ల క్రితం మూడు లీటర్ల హార్డ్ అనోడైజ్డ్ అల్యూమినియం మూకుడు కొన్నాను. వారానికి రెండుసార్లయినా అందులో పులుసు పెడతాను. వంకాయ, బెండకాయ, ఆదివారమైతే కొర్రమీను. చింతపండు రసం అరగంట మరిగినా పులుసు రుచి మారలేదు, మూకుడు రంగూ మారలేదు.

ఇది నాకెందుకంత ముఖ్యమంటే, ఇంతకుముందు మాకు సత్తు గిన్నె, అంటే మామూలు అల్యూమినియం గిన్నె ఉండేది. పులుసు ఎంతవరకు ఉండేదో అంతవరకు లోపల తెల్లగా తళతళలాడేది, పైన నల్లగానే ఉండేది. తోమకుండానే మెరిసిందని సంతోషించేదాన్ని. పులుపు గిన్నెను కొంచెం కొంచెం తినేస్తోందని, అదంతా మా కంచాల్లోకే వస్తోందని తర్వాత తెలిసింది.

అనోడైజింగ్ అంటే పైన పూసే పూత కాదు. అల్యూమినియాన్ని చల్లటి సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో ముంచి కరెంటు పంపిస్తే, దాని పైభాగమే ఆక్సైడ్ పొరగా మారి గట్టిపడుతుంది. కెంపు, నీలం రాళ్లు కూడా అల్యూమినియం ఆక్సైడే. లోహంలోంచి పుట్టిన పొర కాబట్టి నాన్‌స్టిక్‌లా పెచ్చులూడదు. స్టీలు అట్లకాడ వాడితే లోపల బూడిదరంగు గీతలు పడ్డాయి, ప్రాణం ఉసూరుమంది. పీచుతో గట్టిగా తోమితే పోయాయి. అవి అట్లకాడ నుంచి అంటుకున్న స్టీలు మరకలట! మా అబ్బాయి, కరెంటు పారితే కుయ్యిమనే మల్టీమీటర్ తెచ్చి, దాని ముళ్లు రెండూ మూకుడు లోపల ఆనించి చూపించాడు. చప్పుడే లేదు. పాత సత్తు గిన్నె మీద పెడితే కుయ్యిమంది. ఆక్సైడ్ పొర కరెంటును పారనివ్వదు, అంటే పొర అలాగే ఉందన్నమాట.

అట్టు, గుడ్డు మాత్రం అంటుకుంటాయి. నూనె సరిపడా వేసి, మూకుడు కాగాకే వేయాలి.

ఒక్క పొరపాటు జరిగింది. పనమ్మాయి జిడ్డు పోవాలని బట్టల సోడా వేసి నీళ్లు మరిగించింది. అడుగున అరచేయంత మేర తెల్లబడింది. పులుపుకు లొంగని ఈ పొర గాఢమైన సోడాకు కరిగిపోతుంది. అది మళ్లీ రాదు. అప్పటినుంచి మామూలు గిన్నెల సబ్బు, మెత్తటి పీచు తప్ప ఇంకేమీ తగలనివ్వడం లేదు.

సంక్రాంతికి అక్కకు ఐదు లీటర్లది కొంటున్నాను. వాళ్లది ఇండక్షన్ స్టవ్, నా మూకుడు దాని మీద వేడెక్కదు. అందుకని అడుగున స్టీలు పళ్లెం అతికించినది చూస్తున్నాను.