ఈడీడీహెచ్‌ఏ ఐరన్ పొడి: ఏడాది పైగా వాడాక

మొక్కల మందుల ప్యాకెట్ల మీద నాకున్న కోపమంతా ఒక్కదాని గురించే. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ‘చిలేటెడ్ ఐరన్’ అని వేస్తారు. చిలేట్ అంటే ఇనుమును పట్టుకుని వేరుకు అందేలా ఉంచే పదార్థం. అది ఏ చిలేటో తెలియాలంటే వెనక్కి తిప్పి చీమతలకాయంత అక్షరాల్లో వెతుక్కోవాలి. ఒకదాని మీద ఈడీటీఏ, ఇనుము 12 శాతం. పక్కదాని మీద ఈడీడీహెచ్‌ఏ, ఇనుము 6 శాతం. ధర చూస్తే రెండోదే రెట్టింపు పైన. తక్కువ డబ్బుకు రెట్టింపు ఇనుము వస్తుంటే ఎవరైనా మొదటిదే తీసుకుంటారు. నర్సరీ అతను నా చేతిలో పెట్టిందీ అదే. ‘బాగా పోతుంది మేడమ్’ అన్నాడు. అమ్మకం గురించే అన్నాడని ఇప్పుడు అనిపిస్తోంది.

మాది హైదరాబాద్‌లో బోరు నీళ్ల అపార్ట్‌మెంట్. బకెట్ అంచులన్నీ తెల్లగా గార కట్టి ఉంటాయి. నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ కాగితం ఎప్పుడు ముంచినా 8 దగ్గరే, అంటే క్షారం వైపే రంగు మారుతుంది. హాల్లో పీస్ లిల్లీ, సింగోనియం, వంటింటి కిటికీలో కరివేపాకు ఉన్నాయి. ఎరువుకు లోటు లేదు, వెలుతురూ బాగానే వస్తుంది. అయినా పీస్ లిల్లీకి వచ్చే ప్రతి కొత్త ఆకూ పాలిపోయిన పసుపు రంగులోనే విచ్చుకునేది. ఈనెలు మాత్రం పెన్సిల్‌తో గీసినట్టు సన్నగా, ఆకుపచ్చగా కనిపించేవి. అడుగున ఉన్న పాత ఆకులకు మాత్రం ఏమీ కాలేదు, నిగనిగలాడుతూనే ఉన్నాయి.

ఆకు పసుపైతే చాలు, ఎప్సమ్ సాల్ట్ వేయమనే వీడియోలు బోలెడు. ముందు చూడాల్సింది పసుపు ఎక్కడ మొదలైందో. నత్రజని, మెగ్నీషియం తక్కువైతే మొక్క పాత ఆకుల్లోంచి లాగి కొత్తవాటికి ఇచ్చుకుంటుంది కాబట్టి కింది ఆకులు ముందు దెబ్బతింటాయి. నత్రజని లోపమైతే ఆకు మొత్తం పసుపవుతుంది, మెగ్నీషియం లోపమైతే ఈనెల మధ్య పసుపవుతుంది. ఇనుము అలా కదలదు. పాత ఆకులో ఎంతున్నా లేత ఆకుకు ఉపయోగం లేదు, అందుకే చిగుళ్లు పాలిపోతాయి. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం, గంధకం. చిగురు పసుపుకు అదేం చేస్తుంది?

ఈడీటీఏ పొడి మొదట్లో పనిచేసింది, కాదనను. అప్పుడు కుండీలో కోకోపీట్ మట్టి కొత్తది. నెలలు గడిచేకొద్దీ బోరు నీళ్లలోని సున్నమంతా ఆ మట్టిలో పేరుకుంది, పొడి ఎంత కలిపి పోసినా చలనం లేకుండా పోయింది. కారణం చాలా మామూలుది. పీహెచ్ ఆరున్నర దాటిందంటే ఈడీటీఏ ఇనుమును వదిలేసి కాల్షియాన్ని పట్టుకోవడం మొదలుపెడుతుంది. వదిలేసిన ఇనుము తుప్పుగా మారి మట్టిలోనే ఉండిపోతుంది, వేరుకు చిక్కదు. ఈడీడీహెచ్‌ఏ మాత్రం పీహెచ్ 9 వరకు పట్టు వదలదు. బోరు నీళ్లలో ఆ 6 శాతమే మొక్కకు దక్కుతుంది, ఈ 12 శాతం కాగితం మీద మిగులుతుంది. ప్యాకెట్ మీద ‘పీహెచ్ 7 దాటిన నీళ్లకు పనికిరాదు’ అని ఒక్క వాక్యం వేస్తే వాళ్ల సొమ్మేం పోతుంది!

మా నాన్నకు ఫోన్‌లో చెబితే ‘అన్నభేది కొట్టు’ అన్నారు. వేరుశనగ చిగురు పాలిపోతే లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పిచికారీ చేయడం ఆయనకు అలవాటు. పొలంలో అది చవకైన, సరైన మందే. హాల్లో సోఫా పక్కన పిచికారీ చేస్తే గోడలకూ కర్టెన్లకూ తుప్పు మరకలు పడతాయి. నిమ్మ ఉప్పు లేకుండా మా బోరు నీళ్లలో కలిపి చూస్తే సాయంత్రానికల్లా సీసా అడుగున ఇటుక రంగు మడ్డి దిగింది. అది కుండీలో పోసినా జరిగేది అదే.

ఈడీడీహెచ్‌ఏ పొడి చూడ్డానికి నల్లగా ఉంటుంది. నీళ్లలో నాలుగు రేణువులు పడగానే ద్రాక్షరసం రంగు తీగలు తీగలుగా దిగుతుంది. లీటరుకు అర గ్రాము కలిపి, తడి మట్టిలో సాయంత్రం పూట పోశాను (ఇది ఎండకు పాడవుతుంది, ఆకుల మీద కొట్టే మందు కాదు). కొత్త చిగురు పచ్చగా వస్తుందని అనుకున్నదే. అప్పటికే పాలిపోయిన ఆకులు తేరుకుంటాయని మాత్రం అనుకోలేదు. వారం దాటాక ఒక ఆకును కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే ఈనెలు లావెక్కినట్టు అనిపించాయి. నిజానికి ఈనెకు రెండు పక్కలా ఆకుపచ్చ రంగు పాకుతోంది. రోజురోజుకూ మధ్యలోని పసుపు పట్టీలు సన్నబడి, చివరికి ఏ ఆకు జబ్బుపడిందో వెతుక్కోవాల్సి వచ్చింది. కరివేపాకులో అంచులు మాడిన రెబ్బలు మాత్రం బాగుపడలేదు. మాడిన కణం ఎలాగూ తిరిగి రాదు.

ఇక మరకలు. కుండీ అడుగు నుంచి కారిన ఎర్ర నీళ్లు తెల్ల టైల్స్ మధ్య సందుల్లోకి దిగాయి. ఫినాయిల్, వంటసోడా, నిమ్మకాయ అన్నీ అయ్యాయి, గులాబీ రంగు గీత ఇంకా అక్కడే ఉంది. మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. గ్లౌజులు, కింద లోతైన ట్రే లేకుండా దీని జోలికి పోవద్దు.

ఇంత పొగిడాను గానీ, ఇది లోపాన్ని శాశ్వతంగా పోగొట్టే మందు కాదు. నీళ్లు అవే కాబట్టి రెండు మూడు నెలలకు చిగురు మళ్లీ లేత పసుపుకు తిరుగుతుంది. డిసెంబరులో మట్టి చల్లగా, తడిగా ఉన్నప్పుడు వేర్లు మందకొడిగా ఉంటాయి, అప్పుడు ఫలితం కూడా ఆలస్యమే. మోతాదు పెంచితే తొందరగా పని అవుతుందనుకోవడానికి లేదు, ఇనుము ఎక్కువైతే మాంగనీసు అందక ఆకు మళ్లీ ఈనెల మధ్యే పసుపవుతుంది. సింగోనియం సంగతి వేరు. దాని పసుపు ఇనుము లోపం కాదు, అడుగున నీళ్లు నిలిచి వేర్లు కుళ్లాయి. వేర్లే లేకపోతే ఏ చిలేట్ అయినా ఏం చేస్తుంది!

వానాకాలంలో డాబా మీద పట్టిన వాన నీళ్లు పోసినన్నాళ్లూ ఈ పొడి అవసరమే దాదాపు రాలేదు. కాబట్టి మీ కొళాయిలో మంజీరా నీళ్లో, కృష్ణా నీళ్లో వస్తుంటే ముందు పీహెచ్ కాగితం ముంచి చూడండి. ఆరున్నర లోపు ఉంటే చవక ఈడీటీఏతోనే సరిపోవచ్చు. మాలాగా బోరే దిక్కైతే, కుండీలు కూడా నాలుగైదే అయితే, 50 గ్రాముల ప్యాకెట్ చాలు, చాలాకాలం వస్తుంది. పాతిక కుండీలున్నవాళ్లకు ఈ ధర గిట్టుబాటవుతుందని చెప్పలేను. అద్దె ఇంట్లో తెల్ల మార్బుల్ ఉంటే, ఓనర్‌ను బట్టి ఆలోచించుకోండి.