ఎండు నెత్తళ్లు మూటల్లెక్కన కొనేవాళ్లు జాగ్రత్త, నీళ్లకీ ఉప్పుకీ డబ్బు కడుతున్నారేమో చూసుకోండి

ఎండుచేపలు తెప్పించి, శుభ్రం చేసి, పావుకిలో ప్యాకెట్లు కట్టి అమ్ముకునే చిన్న వ్యాపారం మాది. "హార్బర్ నుంచి డైరెక్ట్, మధ్యలో దళారి లేడు" అని వాట్సాప్ గ్రూపుల్లో పోస్టులు పెట్టే ఒకతని దగ్గర నెత్తళ్లు, ఎండు రొయ్యలు తెప్పించాం. డబ్బు మొత్తం ముందే వేయించుకున్నాడు.

తూకం సరిగ్గానే ఉంది, తిరకాసంతా అక్కడే. మూట విప్పితే పై వరస గలగలలాడుతోంది, లోపలికి చెయ్యి పెడితే చల్లగా, జిగటగా తగిలింది. బాగా ఎండిన నెత్తలిని వంచితే పుటుక్కున విరగాలి, ఇవి రబ్బరులా వంగి మళ్లీ లేస్తున్నాయి. కిలో తీసి జల్లెడ పట్టి, ఉప్పు దులిపి మేడ మీద ఎండబెడితే 700 గ్రాములు కూడా తేలలేదు. కొన్నిటి మీద గులాబీ మచ్చలు కూడా ఉన్నాయి, అది ఉప్పులో బతికే బాక్టీరియా పని, అవి పారేయాల్సిందే. రొయ్యలైతే గిన్నెలో నీళ్లు పోయగానే ఎర్రరంగు దిగింది. రొయ్య సొంత రంగు అలా నీళ్లలో కరగదు.

ఫోన్ చేస్తే "సముద్రం సరుకండీ, కాస్త చెమ్మ ఉంటది" అన్నాడు, ఆ తర్వాత నంబర్ బ్లాక్.

కొనేముందు ఒక్క లెక్క వేసుకోండి. సుమారు నాలుగు కిలోల పచ్చి నెత్తళ్లు ఎండితే కిలో వస్తుంది. రేవులో వేలంపాటలో కిలో 60 పడిందనుకుందాం, చేప ఖర్చే 240, దాని మీద ఉప్పు, కూలి, తరుగు, ఆటో, లారీ. అలాంటప్పుడు 220కే ఇస్తానంటే వాడు అమ్మేది చేప ఒక్కటే కాదన్నమాట. ఇసుకలో ఆరబెట్టే ఆడవాళ్లని అనడం లేదు, పాపం వాళ్లలో చాలామంది అప్పు తెచ్చి వేలంలో చేప కొంటారు, అప్పిచ్చినవాడు చెప్పిన రేటుకే సరుకు వేయాల్సి వస్తుంది. నా అనుమానమంతా మధ్యలో గోడౌన్ల మీదే.

ఇంకోటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, మరబోట్లు కదలవు. మే నెలాఖర్లో "మొన్న ఎండిన సరుకు, టన్నుల్లో ఉంది" అన్నాడంటే అది పాత స్టాకే అయ్యుండొచ్చు, గట్టిగా అడగండి.

ముందు అరకిలో శాంపిల్ తెప్పించి మూడు రోజులు ఎండబెట్టి తూచండి. మూట వచ్చాక అడుగు నుంచి తీసి చూడండి, పైనుంచి కాదు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబర్ 14 అంకెలుంటుంది, అడిగి ఆన్‌లైన్లో సరిచూసుకోండి, చిన్న వ్యాపారికైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. బిల్లు లేకుండా మాత్రం డబ్బు వేయకండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు చాట్, యూపీఐ స్క్రీన్‌షాట్లు దాచి 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.